తాళపుచెవితో పాటు బండి గుణము

(సంక్రాంతికి ముందు ఒక గ్రామ సభలో చేసిన ప్రసంగ పాఠము)

పండుగ దినములు దగ్గరపడినవి. ధాన్యము ఇండ్లకు చేరుచున్నది. దూరదేశములలో ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు కొందరు సెలవులకు వచ్చుచున్నారు. రాలేనివారిని చూచుటకు తల్లిదండ్రులు, బంధువులు అచ్చటికి పోయి వచ్చుచున్నారు. ఈ సభలో మాట్లాడుమని మీ గ్రామ పెద్దలు కోరినప్పుడు ఏమి చెప్పవలెనా యని యోచించితిని. పంటలను గూర్చి వ్యవసాయాధికారియు, ఆరోగ్యమును గూర్చి వైద్యాధికారియు నాకంటె బాగుగ చెప్పగలరు. కనుక నా స్వానుభవములోనికి వచ్చిన ఒక సంగతిని మీ ముందుంచ దలచితిని. మహాశక్తి గల విద్యుత్ ట్రక్కును ఇతరుల చేతికి ఇచ్చునప్పుడు ఏ జాగ్రత్తలు వహింపవలెనో, ఆ బండి నడక ఎట్టిదో తెలుపుటయే నేటి నా ఉద్దేశము.

“మా ఊరిలో అట్టి ట్రక్కు ఒక్కటియు లేదు గదా” యని మీరనవచ్చును. నిజమే. కాని మీ కుమారులు, అల్లుండ్రు నివసించుచున్న అమెరికా దేశమున అవి ఇండ్ల ముందు నిలిచియున్నవి. మీరు చూడబోయినప్పుడు “ఒక్కసారి నడిపి చూడండి” యని ప్రేమతో మీ చేతికి తాళము నిచ్చువారు కలరు. అదియునుగాక, అంత శక్తి లేకున్నను అదే జాతికి చెందిన విద్యుత్ సరుకుల బండ్లు మన వీధులలోనికి వచ్చినవి. కాబట్టి ఈ మాట అచ్చటి వారికెంత అవసరమో, ఇచ్చటి వారికిని అంత అవసరము.

మన పెద్దల కాలమున ఎద్దులను బదులిచ్చు ఆచారము ఉండెడిది. పొరుగు రైతు దుక్కికి జత నడిగినచో కాదనెడివారు కారు. కాని పగ్గములు చేతికిచ్చుటకు ముందు యజమాని రెండు మాటలు చెప్పెడివాడు. “దాపటిది కాలువ దగ్గర బెదురుతుంది, పగ్గం వదలకు. వలపటి దాన్ని ములుకోలతో పొడవవద్దు, నోటి మాట చాలు” అనెడివాడు. ఎద్దు నిచ్చుట ఒకటి, ఎద్దు గుణమును చెప్పుట మరియొకటి. రెండును కలిసినప్పుడే బదులు క్షేమకరమగును. ఈ రెండవది నేడు మనము మరచితిమి. తాళపుచెవి ఇచ్చుచున్నాము, బండి గుణమును చెప్పుట లేదు. దాని ఫలిత మెట్లుండునో నేను కన్నులార చూచితిని.

2024వ సంవత్సరము వేసవిలో సెలవు పెట్టి, భార్యతో కూడ, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున డాలస్ నగర శివారులో నివసించుచున్న మా బావమరిది ఇంటికి వెళ్ళితిని. అతడు అంతకు కొన్ని నెలల క్రిందట ఒక విద్యుత్ ట్రక్కును కొనెను. పేరునకు ట్రక్కే కాని, ముందు భాగము కారు వలె సుఖముగ ఐదుగురు కూర్చుండుటకును, వెనుక భాగము సామాను వేసికొనుటకును అనువుగ నుండెను. ఒకనాటి సాయంకాలము అతడు నా చేతికి తాళము నిచ్చి, “బావగారూ, ఒక్కసారి నడిపి చూడండి. గేర్ల గొడవ లేదు. కారు నడిపినంత తేలిక” అనెను. నా వద్ద మన దేశపు లైసెన్సును, అంతర్జాతీయ అనుమతి పత్రమును కలవు. ఇరువది సంవత్సరములకు పైగా శాఖ జీపును గతుకుల బాటలలో నడిపిన అనుభవము కలదు. కనుక సంకోచింపక కూర్చుంటిని. నా భార్య వెనుక సీటులో కూర్చుండెను. బండి ముఖము వీధివైపునకే ఉండెను.

ఇంజను చప్పుడు లేదు. బండి సిద్ధముగనున్నదో లేదో నాకు తెలియలేదు. జీపును కదలించునప్పుడు త్రొక్కు అలవాటు చొప్పున పెడలును త్రొక్కితిని. బండి కదలుట కాదు, దుమికినది. ఆ క్షణముననే ఎదుటి కాలిబాటపై సైకిలు త్రొక్కుచు ఎనిమిదేండ్ల బాలుడొకడు వచ్చుచుండెను. భయపడి కాలు తీసితిని. తీయగనే బండి ఎవరో వెనుకనుండి గుంజి పట్టినట్లు ఆగిపోయెను. నా భార్య నుదురు ముందు సీటునకు కొట్టుకొనెను. దిగి చూడగా, బండి ముందు భాగమునకును ఆ పిల్లవాని సైకిలు చక్రమునకును మధ్య రెండు మూరల దూరము మాత్రమే ఉండెను.

భగవంతుని దయవలన ఎవరికిని ప్రమాదము జరుగలేదు. కాని ఆ రాత్రి మా ఇంటిలో ఎవరును సరిగ భోజనము చేయలేదు. నేను తలవంచుకొని కూర్చుండగా మా బావమరిది భార్య, “అన్నయ్యగారూ, మీరు బాధపడకండి. తాళం చేతికిచ్చారు గాని బండి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు ఈయన” అనెను. ఆమె నా తప్పును కప్పిపుచ్చుటకే అట్లు పలికినది. అడుగకయే కూర్చున్న తప్పు నాది. అయినను ఆమె మాటలో సత్యము కలదు. నేటి నా ప్రసంగమునకు ఆ మాటయే మూలము.

ఇక ఈ బండ్ల స్వరూపమును కొంచెము తెలిసికొందము. రివియన్ అను కంపెనీ తన విద్యుత్ ట్రక్కులను 2021లో కొనుగోలుదారులకు అందజేయ నారంభించినది. నాలుగు చక్రములకు నాలుగు మోటార్లు గల దాని తొలి రకము 835 అశ్వశక్తి కలది. అదే సంవత్సరము చివర వచ్చిన జీఎంసీ హమ్మర్ విద్యుత్ ట్రక్కునకు 1,000 అశ్వశక్తి కలదని చెప్పిరి. 2022లో ఫోర్డు కంపెనీవారి లైట్నింగ్ ట్రక్కు వచ్చెను. 2023 నవంబరులో టెస్లా వారి సైబర్‌ట్రక్కు అందజేయుట మొదలయ్యెను. అందు మిక్కిలి శక్తి గల రకము 845 అశ్వశక్తి కలది. మన చేలలో దున్ను సాధారణ ట్రాక్టరు శక్తి 40 నుండి 50 అశ్వశక్తి వరకు ఉండును. అనగా ఇరువది ట్రాక్టర్ల శక్తి ఒక్క పెడలు క్రింద అణగియున్నదని భావింపుడు.

శక్తి యొక్కటియే కాదు, బరువును గమనింపవలెను. మన ఊళ్ళలో తిరుగు చిన్న కారు ఎనిమిది తొమ్మిది వందల కిలోల బరువుండును. రివియన్ ట్రక్కు సుమారు 3,200 కిలోలు. హమ్మర్ 4,100 కిలోలకు పైబడినది. అందు బ్యాటరీ ఒక్కటియే సుమారు 1,300 కిలోలు. చిన్న కారు నొకదానిని పూర్తిగ పొట్టలో పెట్టుకొని పరుగిడు బండి యిది.

పెట్రోలు, డీజిలు ఇంజను వేగముగ తిరిగిన పిమ్మటనే దాని బలము చక్రములకు బాగుగ అందును. క్లచ్చి వదలవలెను, గేరు మార్చవలెను. ఈలోపల నడుపువానికి కొంత వ్యవధి దొరకును, చప్పుడును హెచ్చరించును. విద్యుత్ మోటారు అట్టిది కాదు. నిలిచియున్న స్థితినుండియే అది తన పూర్తి తిప్పుడు బలమును చూపగలదు. అందుచేతనే ఇందు కొన్ని ట్రక్కులు కదలిన మూడు సెకనులలోనే గంటకు 96 కిలోమీటర్ల వేగము నందుకొనుచున్నవి.

దీని భావమేమో లెక్కించి చూతము. పొరపాటున పెడలును పూర్తిగ త్రొక్కితిరనుకొనుడు. పొరపాటు జరిగినదని మనస్సు గ్రహించి, కాలు కదలుటకు సుమారు ఒకటిన్నర సెకను పట్టును. ఆ ఒకటిన్నర సెకనులో అట్టి బండి గంటకు 48 కిలోమీటర్ల వేగమునకు చేరి, పది మీటర్ల దూరము పోవును. పది మీటర్లనగా మన ఇంటి అరుగునుండి వీధి దాటి ఎదుటి ఇంటి అరుగువరకు. ఆ మధ్య ఆడుకొనుచున్న పిల్లలుందురు, కట్టివేసిన దూడలుండును. పొరపాటును దిద్దుకొనుటకు పాత బండి ఇచ్చిన వ్యవధిని ఈ బండి ఇవ్వదు. ఇది దాని మొదటి గుణము.

రెండవ గుణము, కాలు తీసినప్పుడు దాని ప్రవర్తన. ఈ బండ్లలో పెడలు వదలగనే మోటారే జనరేటరుగ మారి, పరుగులోని శక్తిని తిరిగి బ్యాటరీలోనికి పంపును. అందువలన బ్రేకు త్రొక్కకయే బండి నెమ్మదించును. కొన్నిటిలో పూర్తిగ ఆగును. అలవాటైన వారికి ఇది సుఖమే. క్రొత్తవాడు మాత్రము కాలు తటాలున తీసి, బండిని కుదిపి, వెనుక వచ్చువారిని తికమక పెట్టును. అలవాటైన వానికిని ఒక అపాయము కలదు. అన్నిటికిని ఒకే పెడలు చాలునని భ్రమించి, అత్యవసర సమయమున కాలిని బ్రేకుమీదికి మార్చుటకు ఆలసించును. బ్యాటరీ నిండుగ నున్నప్పుడును, మిక్కిలి చలిగ నున్నప్పుడును కొన్ని బండ్లలో ఈ నిలుపుదల తగ్గుననియు తెలిసికొనవలెను. నిన్న ఆగినట్లు నేడు ఆగకపోవచ్చును.

మూడవ గుణము బరువునకు సంబంధించినది. ఢీకొను శక్తి బరువును బట్టి పెరుగును. వేగము రెట్టింపైనచో నాలుగు రెట్లగును. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమువారు ఒక రివియన్ ట్రక్కును గంటకు సుమారు 96 కిలోమీటర్ల వేగముతో రోడ్డు అంచునగల ఇనుప రక్షణ పట్టీమీదికి పంపి పరీక్షించిరి. ఫలితమును 2024 ఆరంభమున ప్రకటించిరి. బండి ఆ పట్టీని చీల్చుకొని పోయి, అవతల నున్న కాంక్రీటు దిమ్మెలను తాకిన పిమ్మటనే ఆగినది. అట్టి పట్టీలు సుమారు 2,270 కిలోల బండివరకు పరీక్షింపబడినవి. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి అధ్యక్షురాలు జెన్నిఫర్ హోమెండీ 2023 జనవరిలో వాషింగ్టనులో మాట్లాడుచు, ఈ విద్యుద్వాహనముల బరువువలన ఇతరులకు కలుగగల హానిని గూర్చి ఆందోళన వెలిబుచ్చిరి. లోపల కూర్చున్నవారి క్షేమమునే చూచుకొనిన చాలదు. ఎదుటి చిన్న కారులోనివారి క్షేమమును, పాదచారి క్షేమమును కూడ చూడవలెనని దీని తాత్పర్యము.

నాలుగవది మలుపులలోని నడక. హమ్మర్, సైబర్‌ట్రక్కు వంటి బండ్లలో వెనుక చక్రములు కూడ తిరుగును. ఇరుకు చోట త్రిప్పుటకు అది మిక్కిలి ఉపకారము. కాని అలవాటు లేనివాడు వెనుక భాగము ఏ దిక్కునకు పోవునో అంచనా వేయలేడు. సైబర్‌ట్రక్కులో చేతిచక్రమునకును ముందు చక్రములకును మధ్య కడ్డీల సంబంధము లేదు. విద్యుత్ సంకేతముల ద్వారానే చక్రములు తిరుగును. చేతిచక్రమును ఒక చుట్టు పూర్తిగ త్రిప్పకమునుపే చక్రములు చివరివరకు తిరిగిపోవును. జీపు చేతిచక్రమును మూడు చుట్లు త్రిప్పిన చేతులకు ఇది వింతగ తోచును.

ఇంత చెప్పుటచే ఈ బండ్లు చెడ్డవని నా అభిప్రాయము కాదు. పొగ లేదు, రొద లేదు. బరువైన బ్యాటరీ అడుగున నుండుటచే బండి కుదురుగ నిలుచును. ఎత్తైన పాత ట్రక్కులవలె సులభముగ ఒరిగిపోదు. చక్రము జారినచో క్షణములో సరిచేయు యంత్రాంగము కలదు. గుణమెరిగినవాని చేతిలో ఇది మంచి బండి. గుణమెరుగనివాని చేతిలో మంచి బండి యేదియు లేదు.

కావున ఇచ్చువాడు ఏమి చేయవలెను? నాకు తోచినవియు, ఆ సంఘటన పిమ్మట మా బావమరిదియు నేనును కూర్చుండి నిర్ణయించుకొనినవియు చెప్పెదను.

మొదట, ఎవరికి ఇచ్చుచున్నామో చూడవలెను. లైసెన్సు ఉన్నదా యని నోటిమాటగ అడుగుట కాదు, కంటితో చూడవలెను. మద్యము సేవించినవానికి, నిద్ర లేనివానికి, ఆ దినముననే విమానము దిగి వచ్చినవానికి ఇవ్వరాదు. మన దేశమునుండి వెళ్ళినవారి విషయమున మరియొక చిక్కు కలదు. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడి ప్రక్కన పోవును. చేతిచక్రము ఎడమ ప్రక్కన నుండును. తిన్నగ పోవునంతవరకు ఇది కష్టము కాదు. మలుపు తిరిగిన వెంటనే పాత అలవాటు మనలను తప్పు ప్రక్కకు లాగును. క్రొత్త దేశము, క్రొత్త ప్రక్క, క్రొత్త బండి, ఈ మూడును ఒకే దినమున నేర్చుకొన సాహసింపరాదు.

రెండవది, బీమా పత్రమును చదువవలెను. అచ్చట యజమాని అనుమతితో ఇతరుడు బండి నడిపినప్పుడు సాధారణముగ యజమాని బీమాయే మొదట వర్తించును. అనగా మీరు కూర్చున్నది అల్లుని బండిలోనే కాదు, అల్లుని బీమామీద కూడ. కొన్ని బీమా పత్రములు కొందరిని మినహాయించును. అయోగ్యుడని ఎరిగియు బండి ఇచ్చిన యజమానిని అచ్చటి న్యాయస్థానములు బాధ్యునిగ ఎంచును. ఫ్లారిడా రాష్ట్రమున 1920 నుండియు మోటారు బండిని అపాయకరమగు సాధనముగ పరిగణించి, అనుమతితో నడిపినవాని తప్పునకు యజమానిని జవాబుదారుగ చేయుచున్నారు. నియమములు రాష్ట్రమునకొక రీతిగ నుండును గనుక ముందుగనే విచారించుకొనుట మేలు.

మూడవది, బండి మంచి స్థితిలో నున్నదో లేదో యజమాని చూచి ఇవ్వవలెను. 2024 ఏప్రిలులో సైబర్‌ట్రక్కుల నన్నిటిని, సుమారు 3,900 బండ్లను, మరమ్మతునకు పిలిచిరి. పెడలుపై నున్న రేకు జారి పై అంచున ఇరుకుకొనినచో, కాలు తీసినను పెడలు పైకి రాక బండి పరుగెత్తు ప్రమాదముండుటయే కారణము. అట్టి సమయమున బ్రేకును గట్టిగ త్రొక్కవలెనని యజమానికి తెలిసియుండవచ్చును. ఎరువు తెచ్చుకొన్నవానికి ఎట్లు తెలియును? కంపెనీనుండి హెచ్చరిక వచ్చియుండి, మరమ్మతు కాకున్నచో, ఆ బండిని ఎవ్వరికిని ఇవ్వరాదు.

నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది: ఇంటి ముందు నేర్పరాదు. విశాలమైన ఖాళీ స్థలమునకు తీసికొనిపోయి, యజమాని ప్రక్కన కూర్చుండవలెను. బండిలో ఇతరులెవ్వరును ఉండరాదు. చాల బండ్లలో మోటారు దూకుడును తగ్గించి, నెమ్మదిగ కదలునట్లు చేయు ఏర్పాటును, వేగమునకు హద్దు పెట్టు ఏర్పాటును కలవు. వానిని ముందుగ అమర్చవలెను. సీటును, అద్దములను నడుపువాని పొడవునకు సరిచేయవలెను. పిమ్మట పెడలును కోడిగ్రుడ్డును నొక్కునంత మెల్లగ నొక్కుట, మెల్లగ వదలుట పదిసారులు చేయింపవలెను. రెండు పెడళ్ళకును కుడికాలే వాడవలెనని చెప్పవలెను. క్లచ్చికి అలవాటైన ఎడమకాలు ఊరకుండక బ్రేకుమీదికి పోవును. ఒకసారి గట్టిగ బ్రేకు త్రొక్కించి బండి ఎంత దూరములో ఆగునో చూపవలెను. వెనుకకు నడపుట, మలుపు తిరుగుట, చివరకు బండిని నిలిపి కదలకుండ బిగించుట నేర్పవలెను. చప్పుడు లేదు గనుక బండి ఆగినదని భ్రమించి, బిగింపకయే దిగువారు కలరు. ఇదంతయు ఒక గంట పని.

ఐదవది, ఆ దినము చేయరాని పనులు చెప్పవలెను. వెనుక మరియొక బండిని కట్టి లాగరాదు. వాన నీరు నిలిచిన బాటలో వేగము కూడదు. “ఎంత వేగం పోతుందో చూద్దాం” అను పందెము కూడదు. యువకుల విషయమున ఇది మరీ ముఖ్యము. మూడు సెకనుల వింతను మిత్రులకు చూపవలెనను కోరిక వారికి సహజము. ఆ కోరిక తీర్చు స్థలము వీధి కాదు.

ఇక మన గ్రామముల సంగతి. 2022లో టాటావారి ఏస్ విద్యుత్ సరుకుల బండి వచ్చెను. దాని మోటారు శక్తి సుమారు 36 అశ్వశక్తి. మూడు చక్రముల విద్యుత్ ఆటోలు అంతకంటె చిన్నవి. అమెరికా ట్రక్కులతో పోల్చిన ఇవి పిల్లలు. అయినను పెడలు త్రొక్కగనే కదలు గుణము, చప్పుడు లేని గుణము వీనికిని కలవు. రోడ్డుమీద ధాన్యము నారబోసికొని తిరుగగల్లి కూర్చున్న స్త్రీలకు వెనుకనుండి వచ్చు ఈ బండి వినబడదు. చెవులు మందగించిన వృద్ధులకు అసలే వినబడదు. గేదె చప్పుడునకు ప్రక్కకు తొలగును, నిశ్శబ్దమునకు తొలగదు. కాబట్టి బండిని మేనల్లునికో, పొరుగువానికో ఇచ్చునప్పుడు, “ఇది వినబడని బండి. నీవే చూచి ఆపాలి, వాళ్ళు విని తప్పుకోరు” అను ఒక్క మాట తప్పక చెప్పవలెను. నిండు బరువుతో ఏటిగట్టు దిగునప్పుడు ఎట్లుండునో అదియు చెప్పవలెను.

చట్టము కూడ ఈ మాటనే పలుకుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము లైసెన్సు లేనివానిచేత తన బండిని నడిపించుట యజమాని నేరము. దానికి మూడు నెలలవరకు ఖైదుగాని, 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు నేరము చేసినచో, 2019లో చేర్చిన 199ఎ నిబంధన ప్రకారము సంరక్షకుని, లేదా యజమానిని దోషిగ నెంచుదురు. మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా, పండ్రెండు నెలలపాటు బండి రిజిస్ట్రేషను రద్దు కలవు. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. బాడుగ సరుకుల బండిని నడుపుటకు ఇరువదియేండ్లు నిండవలెను. తేలిక బండి లైసెన్సు గలవారు 7,500 కిలోల లోపు సరుకుల బండిని నడుపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పినది. కాని లైసెన్సు వేరు, ఆ బండితో పరిచయము వేరు. మొదటిది ప్రభుత్వమిచ్చును, రెండవది యజమానియే ఇవ్వవలెను.

“అడిగినప్పుడు లేదనుట ఎట్లు? బంధుత్వము చెడును గదా” యని మీలో కొందరనుకొనవచ్చును. మన మొహమాటము నాకు తెలియనిది కాదు. దానికొక ఉపాయము కలదు. బండి లేదనవద్దు, “ఎక్కడికి పోవాలో చెప్పు, నేనే దింపి వస్తాను” అనుడు. అవసరము గలవాడు సంతోషించును. సరదాకొరకు అడిగినవాడు తనంతట తానే ఊరకుండును. అడుగువారికిని ఒక ధర్మము కలదు. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరక అనలేదు. తాళము తీసికొనుటకు ముందు, “దీని గుణమేమిటి, దేనికి బెదురుతుంది?” అని అడుగుట చిన్నతనము కాదు. ఇరువదేండ్ల అనుభవము గల నేను ఆ ప్రశ్న నడుగుటకు సిగ్గుపడితిని. ఆ సిగ్గు ఖరీదు రెండు మూరల దూరములో తప్పిపోయినది.

ఆ మరుసటి ఆదివారము మా బావమరిది నన్నొక పాఠశాల ముందున్న ఖాళీ మైదానమునకు తీసికొనిపోయెను. నేను రానంటిని. “బావగారూ, తప్పు నాది. సరిదిద్దుకోనివ్వండి” అని బలవంతము చేసెను. ఒక గంటసేపు ప్రక్కన కూర్చుండి, చంటిపిల్లవానికి నడక నేర్పినట్లు నేర్పెను. పిమ్మట నేను మెల్లగ బండిని ఇంటికి తెచ్చితిని. వీధి మలుపున ఆ సైకిలు పిల్లవాడు నిలుచుండి మమ్ము చూచుచుండెను. బండి నాపి, వాడు దాటిపోవువరకు వేచితిని. వాడు చేయి ఊపి పోయెను. నా భార్య ఇంటి గుమ్మములో నిలుచుండి ఇదంతయు చూచినది. ఆ సాయంకాలము బండిలో మరల కూర్చుండుటకు ఆమె అంగీకరించినది.

సోదర సోదరీమణులారా, ఈ పండుగకు మీ పిల్లలు వచ్చినప్పుడుగాని, ఫోనులో మాట్లాడినప్పుడుగాని ఈ సంగతి వారికి చెప్పుడు. మీ ఇంట విద్యుత్ బండి యున్నచో, దానిని నడుపువారి నందరిని ఒకనాడు ఖాళీ కళ్ళమునకు పిలిచి, దాని గుణములు చెప్పి, చేయించి చూపుడు. మన తాతలు ఎద్దుల జతనిచ్చుచు రెండు మాటలు చెప్పిరి. వెయ్యి ఎద్దుల బలము గల బండి నిచ్చునప్పుడు మనము ఒక గంటయైన చెప్పలేమా?